సవరణ: 1812 యుద్ధంలో అమెరికా ప్రైవేటీర్ల పూచీకత్తు, పంపకం
ప్రైవేటీర్ అంటే యుద్ధంలో శత్రు ఓడలను పట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి ఉన్న ప్రైవేటు ఓడ; 1812 యుద్ధంలో ఆ శత్రువు బ్రిటన్. మునుపటి పోస్టులో "ప్రతి ప్రైవేటీర్ ఓడకూ 5,000 డాలర్ల పూచీకత్తు, దొరికిన సరుకు పట్టుకున్నవాళ్లదే" అని ఉంది. రెండూ సరికావు.

1812 జూన్ 26 చట్టం ప్రకారం సిబ్బంది 150 మంది దాటితే పూచీకత్తు 10,000 డాలర్లు. పైగా ఓడలో వాటాలేని ఇద్దరు జామీనుదారులు ఉండాలి.

అసలు కీలకం సరుకు సంగతి. పట్టుకున్న ఓడను రేవుకు తెచ్చి కోర్టు ముందు పెట్టాలి; అంతవరకు సరుకు విప్పకూడదు. తీర్పు అనుకూలంగా వస్తేనే పంపకం. రాతపూర్వక ఒప్పందం లేకపోతే సగం యజమానులకు, సగం ఓడ అధికారులకు, నావికులకు. నికర మొత్తంలో 2 శాతం మృతుల కుటుంబాలకు, వికలాంగులైనవారికి పింఛను నిధి. అమెరికా రేవులపై బ్రిటిష్ నౌకాదళ దిగ్బంధం బిగిశాక, పట్టుకున్న ఓడలు ఎన్నో రేవు చేరకముందే మళ్లీ బ్రిటిష్‌వాళ్లకు చిక్కేవి. అలా పోయినదానికి పైసా రాదు.