హిప్ హాప్ పుట్టింది బ్రాంక్స్‌లోనే, మరి ఆ దరువు ఎక్కడిది?

హిప్ హాప్ కథ ఎవరు చెప్పినా ఒకే అడ్రస్‌తో మొదలుపెడతారు. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ, 1973 ఆగస్టు 11. స్కూళ్లు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి తాముండే అపార్ట్‌మెంట్ హాల్లో పార్టీ పెట్టింది. అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు టికెట్. పాటలు వేసింది వాళ్లన్న, డీజే కూల్ హెర్క్. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ కథ అక్కడే మొదలైందనుకుంటే సగం చరిత్ర కొట్టుకుపోతుంది. జమైకా నుంచి వచ్చిన హెర్క్ మొదట తన ఊరి రికార్డులే వేసి చూశాడు, బ్రాంక్స్ కుర్రాళ్లు కదల్లేదు. వాళ్లని ఊపేయడానికి అతను నమ్ముకున్నది గాయకుడు జేమ్స్ బ్రౌన్ లాంటి వాళ్ల ఫంక్ రికార్డులని, అంటే రాగం కంటే దరువుకే పెద్దపీట వేసే నల్లజాతి నృత్య సంగీతాన్ని. ఆ ఫంక్ బ్రాంక్స్‌లో పుట్టింది కాదు.

మన దగ్గర ర్యాప్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా మాటల గురించే రాస్తారు: కోపం, పేదరికం, వర్ణ వివక్ష, ప్రాస. అవన్నీ ముఖ్యమే. కానీ ఆ మాటల కింద మోగే దరువుకీ ఊరూ పేరూ ఉన్నాయి, వాటిని వదిలేస్తే ఈస్ట్ కోస్ట్ (న్యూయార్క్ వైపు) ర్యాప్ ఎందుకు అలా ఉంటుందో, లాస్ ఏంజెలెస్ ర్యాప్ ఎందుకు ఇంకోలా ఉంటుందో ఎప్పటికీ అర్థం కాదు. ఫంక్ ఒక్క చోట పుట్టి అన్ని చోట్లకీ పాకిన సంగీతం కాదని నా వాదన. ఊరికో ఫంక్ ఉంది. ఏ ప్రాంతం వాళ్లు ఏ ఊరి ఫంక్‌ని పట్టుకున్నారో, వాళ్ల హిప్ హాప్ ఆ దారిలోనే నడిచింది.

ముందు జేమ్స్ బ్రౌన్. 1933లో సౌత్ కరోలినాలో పుట్టి, జార్జియాలోని ఆగస్టాలో పెరిగాడు. అంతవరకూ రిథమ్ అండ్ బ్లూస్‌లో, అంటే ఫంక్‌కి ముందున్న నల్లజాతి పాప్ సంగీతంలో, నాలుగు బీట్ల ఆవర్తంలో బరువంతా రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద పడేది. బ్రౌన్ దాన్ని మొదటి బీట్ మీదకి లాగాడు. ‘ది వన్’ అని అతను పదే పదే చెప్పింది దీని గురించే. తాళం వేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, సమం మీద గట్టిగా దిగితే మధ్యలో ఎన్ని విన్యాసాలు చేసినా పాట చెదరదు. 1965 నుంచి 1967లో వచ్చిన ‘కోల్డ్ స్వెట్’ దాకా వరసగా వింటే ఆ మార్పు తెలిసిపోతుంది: రాగం వెనక్కి వెళ్లిపోయి గిటార్, బాకాలు, చివరికి గొంతు కూడా డ్రమ్ములాగే మోగడం మొదలుపెట్టాయి.

ఆ రికార్డుల్లో చాలావరకు తయారైంది దక్షిణాదిలో కాదు, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో, కింగ్ రికార్డ్స్ అనే కంపెనీలో. నది దాటితే కెంటకీ, అంటే దక్షిణాదికీ ఉత్తరాదికీ సరిహద్దు ఊరు. పాట రికార్డు చేయడం, ప్లేట్లు అచ్చు వేయడం, అట్టలు ముద్రించడం, లోడు చేసి పంపడం, అన్నీ ఆ కంపెనీలో ఒకే చోట జరిగేవి. 1969 నవంబర్ 20న అక్కడే ‘ఫంకీ డ్రమ్మర్’ రికార్డయింది. ఏడు నిమిషాలు దాటే ఆ పాటలో చివరికొచ్చేసరికి బ్రౌన్ మిగతా వాళ్లందర్నీ ఆపేయమని, డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌ని మాత్రం సోలోలేమీ వద్దు, ఉన్నదే వాయించుకుంటూ పో అంటాడు. అప్పుడు వినిపించే కొన్ని సెకన్లే ఈ కథకి గుండెకాయ. కుడి చెయ్యి హై-హ్యాట్ (జంట తాళాలు) మీద బీట్‌కి నాలుగు చొప్పున ఆగకుండా కొడుతుంటుంది. ఎడమ చెయ్యి స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద రెండు, నాలుగు బీట్ల దగ్గర గట్టిగా పడుతుంది, మధ్యలో మాత్రం పుల్ల చర్మాన్ని తాకిందా లేదా అన్నంత మెల్లగా చిన్న చిన్న దెబ్బలు. వాటిని డ్రమ్మర్లు ఘోస్ట్ నోట్స్ అంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గానీ అవి తెలియవు, కానీ మెడ ఊగేది వాటి వల్లే. స్టబుల్‌ఫీల్డ్ టెనెసీలోని చాటనూగాలో పెరిగాడు, చిన్నప్పుడు చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల చప్పుడు వింటూ వాటి లయని పట్టుకున్నానని తనే చెప్పేవాడు. ఫంక్‌కి ప్రాంతీయ మూలాలు అంటే నా దృష్టిలో ఇదే.

సిన్సినాటి నుంచి గంట ప్రయాణం దూరంలో డేటన్ ఉంది. పెద్ద నగరమేం కాదు, కానీ ఒహాయో ప్లేయర్స్, స్లేవ్, లేక్‌సైడ్ అన్నీ ఇక్కడి బ్యాండ్లే. రోజర్ ట్రౌట్‌మన్ అన్నదమ్ముల జ్యాప్ పక్కనే ఉన్న హామిల్టన్ నుంచి వచ్చింది. ఇన్ని బ్యాండ్లు ఒక్కచోటే ఎందుకు పుట్టాయి? నీళ్లలో ఏదో ఉందనే లాంటి మాటలు నాకు నచ్చవు, కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లజాతి కుటుంబాలకి జనరల్ మోటార్స్ ప్లాంట్లలో, ఇతర ఫ్యాక్టరీల్లో స్థిరమైన జీతాలు దొరికాయి, ఆ జీతంతో పిల్లలకి బాస్ గిటారో బాకానో కొనివ్వగలిగారు. స్కూళ్లలో సంగీతం టీచర్లుండేవాళ్లు, బ్యాండ్ రూములుండేవి, వాయిద్యాలుండేవి. వివక్ష వల్ల అందరూ ఊరికి పశ్చిమాన ఒకే పక్క ఉండాల్సి రావడంతో ఒక వీధి కుర్రాళ్ల ప్రాక్టీసు పక్క వీధి వాళ్లకి వినపడేది, పోటీ పెరిగేది. ఫ్యాక్టరీలు మూతపడటం, స్కూళ్లలో సంగీతానికి డబ్బులు తగ్గడం మొదలయ్యాక ఆ ఊరి నుంచి అలాంటి పెద్ద బ్యాండ్లు రావడమూ ఆగిపోయింది. ప్రతిభని ఆకాశం నుంచి ఊడిపడ్డదిగా చూసేవాళ్లు ఈ ఒక్క ఊరి కథ చదవాలని గట్టిగా అంటాను.

న్యూ ఆర్లీన్స్‌ది పూర్తిగా వేరే దారి. బానిసత్వం రోజుల్లో కూడా ఆదివారం ఆదివారం కాంగో స్క్వేర్‌లో నల్లవాళ్లు గుమిగూడి డ్రమ్ములు వాయించి నాట్యం చేసిన ఊరది. తర్వాత బ్రాస్ బ్యాండ్లు, వీధి ఊరేగింపులు వచ్చాయి. బ్యాండ్ ముందు నడుస్తుంటే వెనక ఆడుతూ వచ్చే జనాన్ని సెకండ్ లైన్ అంటారు, ఆ నడక దరువుకీ అదే పేరు. అది కచ్చితంగా గీత గీసినట్టు ఉండదు, కాస్త ముందుకీ కాస్త వెనక్కీ తూగుతుంది, ఎందుకంటే అది నడిచే కాళ్ల కోసం పుట్టింది. మీటర్స్ బ్యాండ్ డ్రమ్మర్ జిగబూ మోడలిస్ట్ 1969లో ‘సిస్సీ స్ట్రట్’లో వాయించింది ఆ తూగునే. నలుగురే మనుషులు, బాకాల హోరు లేదు, మధ్యలో ఖాళీలు ఎక్కువ. బ్రౌన్ బ్యాండ్ పిడికిలి బిగించినట్టు ఉంటే వీళ్లది భుజాలు వదిలేసిన వాయింపు.

పడమటి తీరంలో ఓక్‌లండ్ కుర్రాడు లారీ గ్రాహం అమ్మతో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు. ఆమె పియానో, అతను బాస్, డ్రమ్మర్ లేడు. ఆ లోటు తీర్చడానికి బొటనవేలితో తీగని కొట్టి బేస్ డ్రమ్ శబ్దం, ఇంకో వేలితో లాగి వదిలి స్నేర్ శబ్దం తెప్పించాడు. స్లాప్ బాస్ అలా మొదలైంది. అతను తర్వాత చేరింది స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ అనే బ్యాండ్‌లో. మన సినిమా పాటల్లో 80లలో వినపడే టక్‌టక్ బాస్‌కి తాతముత్తాత ఆ అవసరమే. ఇక ఫంక్ బ్యాండ్ నాయకుడు జార్జ్ క్లింటన్, న్యూజెర్సీలో బార్బర్ షాపులో పాడుకునే గుంపుగా మొదలై డెట్రాయిట్ చేరి, బ్రౌన్ దగ్గర్నుంచి వచ్చిన సిన్సినాటి కుర్రాడు బూట్సీ కాలిన్స్‌ని కలుపుకుని, బెర్నీ వొరెల్ సింథసైజర్‌తో పార్లమెంట్-ఫంకడెలిక్ అనే మహా సముదాయాన్ని కట్టాడు.

ఇప్పుడు బ్రాంక్స్‌కి వద్దాం. హెర్క్ గమనించింది ఏంటంటే పాట మొత్తానికీ కాదు, మాటలు ఆగి డ్రమ్ములే మిగిలే ఆ కాసేపటికే జనం రెచ్చిపోయి ఆడుతున్నారు. రెండు టర్న్‌టేబుళ్లు (రికార్డు తిప్పే యంత్రాలు) పెట్టి, ఆ ముక్క ఒకదాని మీద అయిపోగానే రెండోదాని మీద అందుకుని, కొన్ని సెకన్ల దరువుని నిమిషాల తరబడి నడిపించాడు. ఎస్పీ-1200, ఎంపీసీ లాంటి శాంప్లర్ యంత్రాలు, అంటే పాత రికార్డులోంచి ఒక ముక్క (శాంపిల్) తీసి మళ్లీ మళ్లీ మోగించేవి, 1987, 1988లలో వచ్చాక అదే పని మీటతో అయిపోయింది. ‘ఫంకీ డ్రమ్మర్’ అప్పటిదాకా సింగిల్‌గా తప్ప ఏ ఆల్బమ్‌లోనూ లేదు, 1986లో ఒక సంకలనంలో చేరింది, సరిగ్గా యంత్రాలొచ్చే వేళకి అందరికీ అందుబాటులోకి వచ్చింది. న్యూయార్క్ ర్యాపర్లు పబ్లిక్ ఎనిమీ, ఎల్ ఎల్ కూల్ జే, ఇంకా ఎంతమందో దాన్ని వాడారు. న్యూయార్క్ వాళ్లకి బ్రౌన్ బ్యాండ్ డ్రమ్ములే ఎందుకు నచ్చాయంటే, నా అంచనా ఇది: ఇరుకు గదుల్లో, పార్కుల్లో మైకు పట్టుకుని దరువు మీద అరవాల్సిన వాళ్లకి కావాల్సింది పదునైన, పొడి శబ్దం.

లాస్ ఏంజెలెస్‌లో ర్యాప్ వినేది కార్లో. తగ్గించిన సస్పెన్షన్లు, వెనక పెద్ద స్పీకర్లు, మెల్లగా సాగే డ్రైవింగ్. అందుకే వాళ్లు డ్రమ్ముల ముక్కల కంటే ఒహాయో, పార్లమెంట్ సింథసైజర్ బాస్‌ని పట్టుకున్నారు. అక్కడి తొలి డీజే బృందాల్లో ఒకదాని పేరే అంకుల్ జామ్స్ ఆర్మీ, అది ఫంకడెలిక్ ఆల్బమ్ పేరు నుంచి తీసుకున్నది. ఒహాయో ప్లేయర్స్ ‘ఫంకీ వర్మ్’లో జూనీ మోరిసన్ వాయించిన ఆ ఈల లాంటి సన్నటి సింథ్ శబ్దాన్ని అక్కడి ర్యాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ 1987లోనే వాడుకుంది. నిర్మాత డాక్టర్ డ్రే 1992లో ‘ది క్రానిక్’ ఆల్బమ్ చేసినప్పుడు ఆ శబ్దం ఏకంగా ఒక ప్రాంతపు గుర్తుగా మారింది, పేరే జీ-ఫంక్. 1993లో ర్యాపర్ స్నూప్ తొలి సింగిల్‌కి ఆధారం క్లింటన్ ‘అటామిక్ డాగ్’. 1995లో ర్యాపర్ టూపాక్ ‘కాలిఫోర్నియా లవ్’లో పాట మధ్య రోబో గొంతులా వినపడేది ఒహాయో నుంచి వచ్చిన రోజర్ ట్రౌట్‌మన్, నోట్లో గొట్టం పెట్టుకుని పాడిన టాక్ బాక్స్. కాలిఫోర్నియా తన గురించి తాను పాడుకున్న పాటలో పలుకుతున్నది డేటన్ పక్క ఊరి శబ్దం అని ఎంతమంది అనుకుని ఉంటారు!

న్యూ ఆర్లీన్స్ వాళ్లకి అరువు తెచ్చుకోవాల్సిన పనే పడలేదు. బౌన్స్ అనే ఆ ఊరి ర్యాప్ పాటల్లోనూ, క్యాష్ మనీ అనే లేబుల్ కోసం నిర్మాత మానీ ఫ్రెష్ చేసిన బీట్లలోనూ డ్రమ్ మెషిన్ స్నేర్ ఊరేగింపు స్నేర్‌లాగే పరిగెడుతుంది. వాషింగ్టన్ అయితే ఇంకా మొండి ఊరు. చక్ బ్రౌన్ మొదలుపెట్టిన గో-గో అనే అక్కడి ఫంక్‌లో పాటకీ పాటకీ మధ్య దరువు ఆగదు, బ్యాండ్ లైవ్‌గానే ఉండాలి, యంత్రం ఒప్పుకోరు. ఊరంతా హిప్ హాప్‌లోకి వెళ్లినా గో-గో నిలబడింది. 2019లో ఒక షాపు బయట పెట్టే గో-గో పాటలు ఆపమని ఒత్తిడి వస్తే జనం వీధుల్లోకి వచ్చారు, 2020లో దాన్ని నగరపు అధికారిక సంగీతంగా చట్టం చేశారు.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది డబ్బు సంగతి. అమెరికా కాపీరైట్ చట్టం పాట రాసినవాళ్లకి, స్వరం కట్టినవాళ్లకి, రికార్డు హక్కులున్న కంపెనీకి వాటా ఇస్తుంది. శాంపిల్ మీద వచ్చే డబ్బులో దరువు సృష్టించిన డ్రమ్మర్‌కి చోటు లేదు, ఆ రోజు ఇచ్చిన కూలీతో అతని లెక్క ముగిసిపోతుంది. స్టబుల్‌ఫీల్డ్ చేతులు లెక్కలేనన్ని హిట్ల కింద మోగాయి, అతనికి వాటి నుంచి రాయల్టీ రాలేదు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో క్లబ్బుల్లో వాయిస్తూ బతికాడు, జబ్బు చేస్తే ఆరోగ్య బీమా కూడా లేదు, 2017లో పోయాడు. యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ అతను పోయాక అందింది. వాషింగ్టన్ బ్యాండ్ విన్‌స్టన్స్ 1969లో చేసిన ‘ఆమెన్, బ్రదర్’లో ఆరు సెకన్ల డ్రమ్ముల ముక్క ఉంది, హిప్ హాప్‌నీ ఇంగ్లాండ్‌లో జంగిల్ అనే వేగమైన డ్యాన్స్ సంగీతాన్నీ నడిపించింది అదే. దాన్ని వాయించిన గ్రెగరీ కోల్‌మన్ 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు.

కోర్టులు ఏం చేశాయి? 2005లో బ్రిడ్జ్‌పోర్ట్ మ్యూజిక్ కేసులో ఫంకడెలిక్ గిటార్ నుంచి తీసిన రెండు సెకన్ల ముక్క మీద తీర్పు వచ్చింది: ఎంత చిన్న ముక్కయినా లైసెన్స్ లేకుండా శాంపిల్ చేయకూడదు. ఆ తీర్పిచ్చిన ఫెడరల్ అప్పీల్ కోర్టు ఉన్నది సిన్సినాటిలోనే. పైకి ఇది కళాకారుడికి న్యాయంలా కనపడుతుంది. కానీ హక్కులు పబ్లిషింగ్ కంపెనీ చేతిలో ఉన్నాయి, క్లింటన్ అదే కంపెనీతో ఏళ్ల తరబడి పోరాడుతూనే ఉన్నాడు. కొత్త కుర్రాళ్లకి శాంపిల్ కొనే స్తోమత పోయింది, పాత వాయిద్యకారులకి పైసా పెరగలేదు. పబ్లిక్ ఎనిమీ లాగా ఒక్కో పాటలో డజన్ల ముక్కలు పేర్చే పద్ధతి అయితే ఖర్చుకి తట్టుకోలేక 1990లలోనే కనుమరుగైంది. డబ్బున్న నిర్మాత శాంపిల్ కొంటాడు, లేదంటే బ్యాండుని పెట్టి మళ్లీ వాయించుకుంటాడు, లేనివాడు మానుకుంటాడు.

ఇవాళ ఒక శాంపిల్‌కి అనుమతి తీసుకోవాలంటే రెండు చోట్ల సంతకాలు కావాలి, రికార్డింగ్ హక్కున్న లేబుల్ దగ్గర, స్వరం హక్కున్న పబ్లిషర్ దగ్గర. మూడో సంతకం, మూడో వాటా కూడా చట్టంలో పెట్టాలి, ఆ ముక్కని వాయించిన మనిషికి, అతను లేకపోతే అతని కుటుంబానికి. ఎవరు వాయించారో తెలియదనే సాకు చెల్లదు, సెషన్ తేదీలు, వాయించినవాళ్ల పేర్లు చాలావాటికి యూనియన్ కాగితాల్లో, కంపెనీ రికార్డుల్లో ఉన్నాయి. ‘ఫంకీ డ్రమ్మర్’ ఏ తేదీన, ఏ స్టూడియోలో, ఎవరి చేతుల్లో పుట్టిందో మనకి తెలుసు కాబట్టే ఇక్కడ రాయగలిగాను, చెక్కు రాయడానికీ ఆ మాత్రం వివరాలు చాలు.