సకురా ఏడుపుల ఖాతా

లోకంలో పెద్ద సమస్యలు చాలా ఉన్నాయి. వాటిని చూసుకోడానికి వేరేవాళ్లున్నారు. నాకు అప్పజెప్పిన పని, అంటే నాకు నేనే అప్పజెప్పుకున్న పని, ‘నరుటో’ అనే జపాన్ నింజా కథలో హరునో సకురా అనే పిల్ల పనికొస్తుందా పనికిరాదా తేల్చడం.

మసాషి కిషిమొటో గీసిన ఆ బొమ్మల కథ (మాంగా) 1999లో మొదలై 2014లో 700 అధ్యాయాలతో ముగిసింది. టీవీలో దాని యానిమేషన్ (అనిమే) 2002లో మొదలై, రెండు భాగాలూ కలిపి 720 ఎపిసోడ్లు నడిచి 2017లో ఆగింది. కథలో ప్రపంచయుద్ధం కూడా అయిపోయింది. సకురా మీద మా అభిమానుల విచారణ మాత్రం వాయిదాలు పడుతూనే ఉంది. ఇలాంటి కేసుకి నిష్పక్షపాతి ఒకడు కావాలి కదా, అందుకే ఓ రూళ్ల నోట్‌బుక్ కొన్నాను. అందులో సకురా ఎప్పుడు ఏడ్చింది, ఎంతసేపు ఏడ్చింది, ఎవరి కోసం ఏడ్చింది అని కాలమ్‌లు గీశాను. ముందు అభియోగాలు.

మొదటిది, చిన్నప్పుడు బలహీనురాలు. ఒప్పుకోవాల్సిందే. జట్టులో నరుటో కడుపులో తొమ్మిది తోకల నక్క. ససుకే కళ్లలో వంశపారంపర్యంగా వచ్చిన షారింగన్ అనే మాయచూపు. ఈ పన్నెండేళ్ల పిల్ల దగ్గరేముంది? పరీక్షల్లో మార్కులు. చేతులు వాడకుండా చెట్టెక్కే సాధన ఒకటుంది, అందులో సకురా మొదటిసారే వెళ్లి కొమ్మ మీద కూర్చుంది. అబ్బాయిలిద్దరూ రోజుల తరబడి ఎక్కుతూ, పడుతూ, మళ్లీ ఎక్కుతూ ఉంటే మనం గుడ్లప్పగించి చూశాం. పడి లేచినవాడికి ఎపిసోడ్లు వస్తాయి. మొదటిసారే ఎక్కేసినవాళ్లకి కూర్చోడానికి కొమ్మ వస్తుంది.

తర్వాత నింజా పరీక్ష జరిగే మృత్యువనం. నరుటో, ససుకే ఇద్దరూ స్పృహ తప్పి పడి ఉన్నారు. కాపలాకి సకురా ఒక్కతే. శత్రు నింజా ఒకతి వెనకనుంచి జుట్టు పట్టుకుని మోకాళ్ల మీద కూలదోసింది. ససుకేకి పొడుగు జుట్టంటే ఇష్టమని ఎవరో అంటే విని, ఏళ్ల తరబడి పెంచుకున్న జుట్టది. సకురా కునాయ్ అనే చిన్న కత్తి తీసింది. పట్టుకున్నదాని చెయ్యి కోస్తుందనుకున్నాం, తన జుట్టే పరపరా కోసేసుకుని విడిపించుకుంది. గులాబీరంగు వెంట్రుకలు గాల్లో తేలుతుంటే లేచి నిలబడింది. నేను వెంటనే నోట్‌బుక్ తీసి రాసుకున్నాను: ‘కళ్లలో నీళ్లు, ఒకసారి.’ జుట్టుకి కాలమ్ లేదు మరి.

రెండో అభియోగం, పెద్దయ్యాక బలం వచ్చింది. ఇది మొదటిదానికంటే తీవ్రమైనది. మహావైద్యురాలు సునాడే దగ్గర శిష్యరికం చేసి, వైద్యమూ నేర్చుకుని, పిడికిలితో నేల పగలగొట్టే స్థితికి వచ్చింది. ఇసుకగ్రామంలో పెద్దలంతా చేతులెత్తేసిన విషానికి విరుగుడు కనిపెట్టింది. ఆ విషం తయారుచేసిన ససోరితోనే చియో అవ్వతో కలిసి తలపడింది. అవ్వ మీదికొచ్చిన విషపు కత్తికి తన కడుపు అడ్డుపెట్టింది.

ఇక్కడ మా అభిమానుల లెక్కల ప్రతిభ చూడాలి. ‘కొంతసేపు అవ్వే సకురాకి దారాలు కట్టి బొమ్మలా ఆడించింది కదా, సగం తీసెయ్.’ తీసేశాం. ‘చివరి దెబ్బ ససోరి తప్పించుకోగలిగీ తప్పించుకోలేదు కదా, మిగతా సగం తీసెయ్.’ అదీ తీసేశాం. చేతికొచ్చింది సున్నా. నరుటో గెలుపుల్లోంచి నక్క వాటా తీసేస్తే ఎంత మిగులుతుందని ఎవరైనా అడిగితే మాత్రం, ఆ నక్క అతని సొంత ఆస్తి అని చెప్పాలి. కడుపులో పెట్టి రిజిస్ట్రేషన్ చేయించింది వాళ్ల నాన్నే.

యుద్ధంలో ఇంకో ఘట్టం ఉంది. శత్రువు మదారా ఆ నక్కని లాగేశాక నరుటో ప్రాణం పోతోంది. మిత్రుడు గారా తన ఇసుక మీద గాల్లో మోసుకెళ్తుంటే, సకురా అతని పక్క కోసి, లోపలికి చెయ్యి పెట్టి, గుండెని గుప్పిట్లో నొక్కుతూ నోటితో ఊపిరి పోస్తూ కూర్చుంది. ఆ చెయ్యి ఆగితే కథానాయకుడు లేడు, పట్టాభిషేకం లేదు. దీనిమీద మావాళ్ల తీర్పు: ‘సరేలే గానీ, అది ఫైటు కాదుగా.’

మూడోది, ససుకే కోసం ఏడవడం. తనని చంపబోయినవాణ్ణి ప్రేమిస్తూనే ఉండటం ఏమిటని మా బాధ. నిజమే, నాక్కూడా మింగుడుపడదు. కానీ అదే ససుకే నరుటో ఛాతీలో చిదోరి అనే మెరుపు దెబ్బ దింపాడు. అయినా నరుటో ఊరొదిలిపోయిన అతని కోసం దేశాలు తిరిగాడు, మంచులో మోకాళ్ల మీద పడి పొరుగు గ్రామాధిపతి రైకాగెని బతిమాలాడు, తన్నులు తిన్నాడు. దాన్ని మనం స్నేహం అన్నాం. పోస్టర్లు కట్టాం. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ.

సకురాని పూర్తిగా వెనకేసుకొస్తున్నాననుకోకండి, నా నిష్పక్షపాతం దెబ్బతింటుంది. మొదట్లోనే, నరుటోకి అమ్మానాన్నా లేరు కాబట్టే అలా తయారయ్యాడని నోరు జారింది. ససుకే చేత చీవాట్లు తిన్నది. మంచులో నరుటో దగ్గరికెళ్లి నువ్వంటేనే ఇష్టమని అబద్ధం ఆడింది. అది అబద్ధమని నరుటో అక్కడికక్కడే పట్టేశాడు, ఆ తర్వాత ఆమెని కాపాడాడు కూడా. నరుటోని ముందునుంచీ ప్రేమించిన హినాటా పార్టీవాళ్లు మాత్రం ఈరోజుకీ క్షమించలేదు. హినాటాకి నరుటోతో పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లు బడికి పోతున్నా సరే.

అసలు తంటా రచయిత దగ్గరుందని నా అనుమానం. నుదుటిమీద ముద్ర వేయించుకోడానికి మూడేళ్లు చక్రా (ఒంట్లోని శక్తి) కూడబెట్టించాడు, దాన్ని విప్పించాడు, జనం ఈలవేసేలోపు ఆమెని మళ్లీ గాయపడ్డవాళ్ల పక్కన కూర్చోబెట్టాడు. ఉద్యోగం ఇచ్చి కుర్చీ ఇవ్వనట్టు. వంటవాడు ఉప్పు మరిస్తే మనం కూరని తిడుతున్నాం. ఈ మాట నేనన్నానని మావాళ్లకి చెప్పకండి.

వేసవి సెలవులకి మా పిన్ని కూతురు వచ్చింది. ఏడో తరగతి. నరుటో మొదటినుంచీ చూస్తోంది. నా నోట్‌బుక్ తిరగేసి అడిగింది:

‘‘అన్నయ్యా, సకురా వయసులో నువ్వేం చేసేవాడివి?’’

‘‘ట్యూషన్‌కి వెళ్లేవాణ్ణి.’’

‘‘ఆ సందు చివర కుక్కుంటుందని అమ్మమ్మ దిగబెట్టేదట కదా?’’

పిన్నికి ఏదీ కడుపులో దాగదు. నేను హుందాగా, ఆ కుక్క చాలా పెద్దదని చెప్పాను. పిల్ల ఇంకేమీ అనలేదు. స్కేలు తెచ్చుకుని, సకురా కాలమ్ పక్కన ఇంకో కాలమ్ గీసి, పైన ‘నరుటో’ అని రాసింది. మొదటి ఎపిసోడ్ నుంచి మళ్లీ పెట్టింది. ఇరుకా మాస్టారి దగ్గర ఒక గీత. హాకు చచ్చిపోయినప్పుడు ఇంకో గీత. గీతలు గీస్తూనే ఉంది.

మూడోరోజుకి ఆ కాలమ్ నిండిపోయి, గీతలు అట్ట మీదికి వచ్చాయి. ఈ కంపెనీ నోట్‌బుక్‌లలో పేజీలు మరీ తక్కువ పెడుతున్నారు.