పరీక్ష అనగానే వంశం గుర్తుకొచ్చింది

మా చెల్లెలు నాలుగేళ్లుగా పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది. ఈ రోజు ఉదయం విజయవాడలో ఒక కొత్త డాక్టరు గారు ఆమె ఫైలంతా తిరగేసి, "భర్త వీర్య పరీక్ష రిపోర్టు ఏదమ్మా?" అని అడిగారు. చెల్లెలు నోరు తెరిచేలోపే వాళ్ల అత్తగారు, "మావాడికెందుకండీ పరీక్ష? మా వంశంలో ఆ లోపం ఎవరికీ లేదు" అన్నారు. ఇంటికి వచ్చి మూడు గంటలైనా నా కోపం చల్లారలేదు.

ఆ ఫైలులో గర్భనాళాలు చూడటానికి రంగు మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే ఉంది, మత్తిచ్చి, పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూసిన లాప్రోస్కోపీ ఉంది, నెలనెలా చేసిన స్కానింగులు ఉన్నాయి. లేనిదల్లా, కోతా మత్తూ అక్కర్లేకుండా ఒక చిన్న డబ్బాలో శాంపిల్ ఇస్తే తేలిపోయే పరీక్ష ఒక్కటే. దాని ఖర్చు మా మరిది గారి నెల సిగరెట్ల ఖర్చును దాటదు. ఆ సిగరెట్లు కూడా వీర్యాన్ని పాడుచేసేవే అనుకోండి, కానీ ఇంట్లో పథ్యం మాత్రం మా చెల్లెలికే.

సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన కొలతల ప్రకారం మిల్లీలీటరు వీర్యంలో 1.6 కోట్ల కణాలు, వాటిలో ముందుకు కదిలేవి 30 శాతం ఉంటే కనీస స్థాయి అంటారు. అంతకు తగ్గితే పిల్లలు పుట్టరని కాదు, దాటితే పుట్టి తీరతారనీ కాదు. అయితే వంశ గౌరవాన్ని కొలిచే గడి మాత్రం ఆ రిపోర్టులో ఎక్కడా ఉండదు.

"ఐవీఎఫ్ చేయిస్తే సరిపోతుంది, ఒక్క కణం దొరికితే చాలట కదా" అని కారులో అత్తగారి మరో సలహా. ఐవీఎఫ్‌లో అండాన్ని, వీర్యకణాన్ని శరీరం బయట కలుపుతారు, అందులోనే ఇక్సీ అనే పద్ధతిలో ఒక్క కణాన్నే అండంలోకి ఎక్కిస్తారన్నది నిజమే, కానీ పిండంలో సగం జన్యువులు ఆ కణం నుంచే వస్తాయి కాబట్టి, అందులోని డీఎన్ఏ దెబ్బతిని ఉంటే పిండం మధ్యలోనే ఎదగడం మానేయవచ్చు, గర్భం నిలవకపోనూవచ్చు. అప్పుడు కూడా "ఆమెకు నిలవలేదు" అనే కదా అంటారు! వేరికోసీల్ (వృషణాల దగ్గరి రక్తనాళాలు ఉబ్బడం) లాంటి కారణం బయటపడితే దానికి చికిత్స ఉంది. సిగరెట్లు మానినా ఫలితం కనిపించడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, ఎందుకంటే కొత్త కణాలు తయారై బయటికి రావడానికి అంత కాలం కావాలి. నాలుగేళ్లలో అలాంటి మూడు నెలలు ఎన్ని పోయాయో లెక్క వేసుకోండి.

అసలు నా మనసులో ముల్లులా ఉన్నది ఇది కాదు. రెండేళ్ల క్రితం వాళ్లింట్లో తోడికోడలి సీమంతానికి అందరి చేతా గాజులు తొడిగించి, మా చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఇదే అత్తగారు పళ్లెం పక్కకు జరిపారు. గొడ్రాలు అనే మాట ఆ రోజు ఎవరూ పైకి అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. మగవాడిని పక్కకు జరపడానికి మాత్రం మనకు పళ్లెమూ లేదు, మాటా లేదు.

మూడు రోజులు కలయికకు విరామం పాటించి శుక్రవారం శాంపిల్ ఇమ్మన్నారు. ఆ రోజు ఆఫీసులో సెలవు దొరకడం కష్టమని మరిది గారు ఇప్పుడే ఫోనులో చెప్పారు. మా చెల్లెలికి పెట్టడానికి ఈ ఏడాది సెలవులే మిగలలేదు.