ముందు తుమ్ము, వెనక టపాకాయ

మా నాయన ఆస్తిలో అన్నదమ్ములెవరూ వాటా అడగనిది ఒక్కటే, 1978 నాటి అంబాసిడర్. అది నాకు మిగిలింది.

మొన్న శ్రావణంలో దాని ఇంజన్ దించి, బోరు కొట్టించి, పిస్టన్లూ రింగులూ మార్పించి, వాల్వులు గ్రైండింగ్ చేయించాను. బిల్లు చూసి మా ఆవిడ తన చేతి గాజుల వైపు ఒకసారి చూసుకుంది, ఏమీ అనలేదు. బండి మాత్రం కుట్టుమిషన్లా నడిచింది.

కార్తీకంలో మా మరదలి కూతురి పెళ్లి, తిరుచానూరు రోడ్డులో మండపం. బైరాగిపట్టెడలో మా ఇంటి ముందు బండి స్టార్ట్ చేశాను. బానెట్ కింద 'ఫుస్సు'మని తుమ్ము, వెనక 'ఢాం'. పక్కింటాయన కాఫీ గ్లాసుతో సహా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

"ఆటోలో పోదామండీ," అంది మా ఆవిడ.

ఇంత ఖర్చు పెట్టి ఆటోనా! దారి పొడుగునా తుమ్ము, టపాకాయ, తుమ్ము, టపాకాయ. వీధి కుక్కలు ఒక వీధి సరిహద్దు దాకా తరిమి, అక్కడి నుంచి పక్కవీధి కుక్కలకు అప్పగించాయి. ఫోన్లో మేస్త్రీని కడిగేశాను. "వస్తా ఉండా ఐవారూ, మీరేమీ ముట్టుకోవద్దండి," అన్నాడు.

మండపం ముందు బండి మూడుసార్లు వరసగా పేల్చింది. లోపల మేళం ఎత్తుకుంది. ఆడపెళ్లివాళ్లు హారతి పళ్లెంతో పరుగెత్తుకొచ్చారు. మగపెళ్లివాళ్లు టపాకాయలు కాలుస్తూ వచ్చేశారనుకున్నారట. తీరా డోరు తీసి నేను దిగాను. మా తోడల్లుడు హారతి ఆర్పలేక, ఇవ్వలేక, చివరికి బండికే ఇచ్చాడు.

ఇక అందరూ డాక్టర్లే. బస్సు నడిపి రిటైరైన పెద్దాయన "ట్యాపెట్లు టైటు పెట్టినాడు, వాల్వు మూసుకుంటా లేదు" అన్నాడు. బావమరిది సైలెన్సర్ జాయింటులో గాలి లీకన్నాడు. పురోహితుడు దిష్టి అన్నాడు. నేను ప్లగ్గులకు నిప్పు పుట్టించే పాయింట్లను అనుమానించాను. శుభలేఖ అంచు చింపి గ్యాప్‌లో దూర్చి చూశాను. సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి, ఉంది. వధూవరుల పేర్ల మీద మాత్రం నల్లటి చారలు పడ్డాయి.

ఇంతలో మేస్త్రీ వచ్చాడు. పానా కూడా తీయలేదు. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డెల్కో మూత వైపు ఒక్క చూపు చూసి, "దీన్ని ఎవరు ముట్టుకున్నేది?" అన్నాడు.

నేను ఆకాశం వైపు చూశాను. వెనక నుంచి మా ఆవిడ, "రాత్రి పాత బనీనుతో తుడిచింది వీరేనబ్బా," అంది.

నిజమే. ప్లగ్గు వైర్లకు మేస్త్రీ నంబర్ల చీటీలు అంటించాడు. మూత చుట్టూ చదివితే 1, 2, 4, 3 అని ఉంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, అది చూస్తూ ఊరుకోగలనా? మూడునూ నాలుగునూ మార్చి వరస సరిదిద్దాను.

"ఐవారూ, ఈ ఇంజన్లో సిలిండర్లు మండేది 1-3-4-2 వరసన. మూత లోపల ఒక్కో వైరుకూ కరెంటు అందించే రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతాది. మీరు గడియారం పక్క చదివినారు. మూడోదానికి నిప్పు ఆలస్యమై, ఎగ్జాస్ట్ వాల్వు తెరిచినాక పడె. అది సైలెన్సర్లో పేలె. నాలుగోదానికి తొందరై, ఇన్‌లెట్ మూయకముందే పడె. అది కార్బొరేటర్లో తుమ్మె."

రెండు వైర్లు పీకి మార్చి పెట్టాడు. బండి మళ్లీ కుట్టుమిషనే.

అప్పుడే మా తోడల్లుడు చెమటలు కక్కుతూ వచ్చాడు. "మగపెళ్లివాళ్లు ఇప్పుడు నిజంగానే వస్తా ఉండారు. టపాకాయలు తెచ్చేవాడు ఇంకా రాలేదు. బావా, ఆ వైర్లు ఒక్క పది నిమిషాలు..."

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను బానెట్ ఎత్తాను.