దేవుడికి సైన్సు సర్టిఫికెట్ దేనికి?

పరిణామం జరిగిందా లేదా అన్నది జీవశాస్త్రంలో ఎప్పుడో తేలిన విషయం. డార్విన్, కోతి, ఆదాము గొడవ పాఠకులకు కొత్త కాదు, ఆ పురాణం మళ్లీ విప్పను. నా పేచీ అంతా 'ఇంటెలిజెంట్ డిజైన్' అనే వేషంతో, అంటే జీవుల అమరిక చూస్తే తెలివైన రూపకర్త ఎవరో ఉన్నట్టేనని, అదీ సైన్సేనని చెప్పే వాదంతో.

వేషం అని ఊరికే అనడం లేదు. జీవులను దేవుడే నేరుగా సృష్టించాడనే సృష్టివాదాన్ని ప్రభుత్వ బడుల్లో సైన్సుగా చెప్పించే చట్టాన్ని 1987లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూలు బోర్డు డిజైన్ వాదాన్ని తొమ్మిదో తరగతిలోకి తేబోతే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2005 నాటి ఆ విచారణలో, బోర్డు సిఫార్సు చేసిన 'ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్' పుస్తకం చిత్తుప్రతులు బయటపడ్డాయి. పాత ప్రతుల్లో 'క్రియేషనిస్ట్స్' (creationists, సృష్టివాదులు) అని ఉన్నచోట, 1987 తర్వాతి ప్రతుల్లో 'డిజైన్ ప్రొపొనెంట్స్' (design proponents, డిజైన్ సమర్థకులు) అని ఉంది. ఒకచోట మార్చినవాళ్ల చెయ్యి జారింది. పాత మాట తలా తోకా మిగిలిపోయి, నడుమ కొత్త మాట ఇరుక్కుంది: 'సిడిజైన్ ప్రొపొనెంట్సిస్ట్స్' (cdesign proponentsists). చేపకూ నాలుగుకాళ్ల జంతువుకూ నడుమ టిక్టాలిక్ శిలాజం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే! రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ నియమించిన జడ్జి జాన్ జోన్స్ 139 పేజీల తీర్పులో డిజైన్ వాదం సైన్సు కాదని తేల్చేశారు.

డిజైన్ వాదుల వాదనలో పదునైనది అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీది. బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకలాంటి ఫ్లాజెల్లంలో ఒక్క భాగం తీసినా పనిచేయదు, అలాంటిది అంచెలంచెలుగా ఎలా పుడుతుందని ఆయన ప్రశ్న. మంచి ప్రశ్నే. కానీ అందులోని కొన్ని భాగాలను పోలిన అమరికే కొన్ని బ్యాక్టీరియాల్లో ఎదుటి కణంలోకి ప్రోటీన్లు ఎక్కించే సూదిలా పనిచేస్తోంది. సగం యంత్రం వేరే పనికి అక్కరకొస్తుందన్నమాట.

అసలు డిజైన్ చూడాలంటే మన గొంతులోనే చూడొచ్చు. మెదడు నుంచి స్వరపేటికకు దారి జానెడే. ఎడమవైపు నరం మాత్రం గొంతు దాటి ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కిందుగా చుట్టుకుని మళ్లీ పైకి ఎక్కుతుంది. జిరాఫీలో ఈ చుట్టుదారి కొన్ని మీటర్లు. చేపల్లో ఈ నరం పూర్వరూపం మొప్పల దగ్గరికి తిన్నగా వెళ్లేది. మెడ సాగి గుండె కిందికి జరిగేకొద్దీ ధమని వెనక చిక్కుకుని అదీ సాగింది. ఇంటికి వైరింగ్ చేసే కుర్రాడు ఇలా లాగితే కూలి ఇస్తామా? చరిత్రగా చదివితే మాత్రం ప్రతి మలుపుకూ అర్థముంది.

ఇది నాస్తికుల మాటేమీ కాదు. పరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త డోబ్జాన్‌స్కీ దైవభక్తుడు. డోవర్ కేసులో డిజైన్ వాదాన్ని ఉతికి ఆరేసిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ క్యాథలిక్కు. పరిణామం ఒట్టి ఊహ స్థాయి దాటిందని 1996లో పోప్ రెండో జాన్ పాల్ చెప్పారు. వాళ్ల దేవుడికి ల్యాబ్ రిపోర్టు అక్కర్లేకపోయింది.

మరి ఇప్పుడు ఏ మతంలో చూసినా ఈ సర్టిఫికెట్ల యావ ఎందుకో! ఉపవాసం చేస్తే జీవకణాల పేరు చెప్పాలి, ప్రార్థనకు క్వాంటం తోడు కావాలి. ల్యాబ్‌లో ఏదైనా బయటపడ్డ మర్నాడే 'మా గ్రంథంలో ఎప్పుడో ఉంది' అంటారు. ముందురోజు ఎవరికీ కనిపించదు. నమ్మకాన్ని నమ్మకంగా చెప్పుకోవడానికి నామోషీ పడేవాళ్లే భక్తిని కాపాడతామంటూ బయల్దేరుతున్నారు. సైన్సుకు తెలియని చోటల్లా దేవుణ్ణి కూర్చోబెడితే, తెలిసినప్పుడల్లా ఆయన్ని లేపాలి. 1802లో ఇంగ్లండ్ మతగురువు విలియం పేలీ, ఇంత నేర్పుగా అమరిన కన్ను రూపకర్త లేకుండా రాదంటూ, ఆయన్ని మనిషి కంట్లో చూపించాడు. బీహీ దగ్గరికి వచ్చేసరికి బ్యాక్టీరియా తోకలో చూపించాల్సి వచ్చింది.