పుబ్బ మొదటి పాదం

ఆడపిల్లకు పేరు పెట్టడం ఎంతటి బృహత్కార్యమో మీకు తెలియనిది కాదు. పేరు మూడక్షరాలకు మించరాదు, చుట్టుపక్కల ఇంకెవరికీ ఉండరాదు, అమెరికావారికి నోరు తిరగాలి, అర్థం మాత్రం తిరిగి తిరిగి లక్ష్మీదేవి దగ్గరికే చేరాలి. ఫోనులో దొరికే జాబితాలలో అర్థం తోచని ప్రతి పేరుకూ ఆ తల్లే పూచీ పడుతున్నది.

మొన్నొక బారసాలలో, పిల్ల పుబ్బ మొదటి పాదంలో పుట్టినందున పేరు ‘మో’తో మొదలుకావాలని పురోహితుడు సెలవిచ్చాడు. తండ్రి బియ్యం పోసిన పళ్ళెం ముందు ఉంగరం పట్టుకొని కూర్చున్నాడు. మోక్ష పాతబడిందనీ, మోహన మగవాళ్ళకూ ఉందనీ బాబాయి ఫోనులో చూసి తేల్చాడు. అరుదైనదే కావాలి గదా అని నాయనమ్మ, “మొల్ల అని పెట్టండిరా” అన్నది.

“మొల్లా? బళ్ళో పిల్లలు నవ్వరూ అత్తయ్యా?” అన్నది కోడలు. సంస్కృతంలో హ్రస్వ ఒకారమే లేదు గనుక ‘మో’కు బదులు ‘మొ’ అయినా దోషం లేదని చెప్పబోయిన పురోహితుడు, తండ్రి ముఖం చూసి, సంభావన గుర్తుకొచ్చి, గొంతు సవరించుకొని ఊరుకున్నాడు. చివరికి బియ్యంలో ‘మోయిన్షి’ వెలిసింది. ఏ భాషదని అడిగిన పాపాత్ములు లేరు.

మొల్ల అంటే మల్లె జాతి పువ్వు. ఆ పేరుగల కవయిత్రి తేట తెలుగులో రామాయణం రాసి, అర్థం తోచని గూఢశబ్దాలతో కూర్చిన కావ్యం మూగ చెవిటివారి ముచ్చట వంటిదని ఆనాడే చెప్పింది. ఆమె మోయిన్షిని ఎరగదు.

తన్ను గురించి చెప్పుకొన్న పద్యంలో ఆమె, శివభక్తుడైన ఆతుకూరి కేసన కూతురినని చెప్పుకొన్నది గానీ కులం ఊసెత్తలేదు. ‘కుమ్మరి’ అని ముందు తగిలించి పిలిచింది మనం. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం నిలబెట్టి, పిల్లల చేత మార్కుల కోసం ఆమె పద్యాలు బట్టీ పట్టించి, ఇంట్లో పిల్లకు మాత్రం ఆ పేరు వద్దంటున్నదీ మనమే. నవ్వుతారన్నది సాకు. అదే పువ్వును జాస్మిన్ అంటే మురిసిపోయే ఇళ్ళివి. ఆ పేరు వెనుక మనకు కుమ్మరి సారె కనబడుతున్నది, కంపరం అక్కడున్నది. అది పైకి అనే దమ్ము లేక, సిగ్గులేకుండా, బళ్ళో పిల్లలు నవ్వుతారని ఆ పసివాళ్ళ మీదికి నెడుతున్నాం.