పిల్లల పేరు చెప్పి ప్లాట్లు అమ్మే మెసేజికి జవాబు

మళ్లీ వచ్చింది. పొద్దున్న పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకరు పెట్టారు, మధ్యాహ్నానికి ఊరి గ్రూపులో ఇంకొకరు పెట్టారు, రాత్రికి మా చిన్నాన్న నాకు విడిగా పంపి “చూశావా తల్లీ, మనోళ్లందరికీ చెప్పు” అని రాశారు. “మీ పిల్లల భవిష్యత్తు మీ చేతుల్లోనే” అని మొదలయ్యే ఆ మెసేజి సంక్రాంతి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం గ్రూపులన్నీ చుట్టేస్తోంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు పోయింది. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

చూడనివాళ్ల కోసం దాని సారాంశం. ఒకటి, పోస్టాఫీసులో దాచిన డబ్బు పెరిగే ధరలకే కరిగిపోతుంది. రెండు, సుకన్య (ఆడపిల్లల పేరున తెరిచే ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతాలో వేస్తే 21 ఏళ్లు ముట్టుకోలేం. మూడు, ఎస్ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండులో డబ్బు వేయడం) అంటే జూదం. నాలుగు, పిల్లల ఇన్సూరెన్సు పాలసీలు దండగ. అయిదు, ఆడపిల్లకు బంగారం, మగపిల్లాడికి భూమి. ఆరు, భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే) ప్లాటుకు నెలకు 5 వేల చొప్పున 36 నెలలు కడితే 150 గజాల స్థలం, వద్దంటే కట్టినదానికి రెట్టింపు డబ్బు. ఏడు, ప్లాటు పిల్లల పేరు మీదే రిజిస్ట్రేషన్ చేస్తారు కాబట్టి ఇంతకన్నా భద్రం లేదు.

మొదటి అయిదూ ఆరోదాని కోసమే రాశారని చదివినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. అయినా వరసగానే వెళ్దాం.

పోస్టాఫీసు గురించి. కాలేజీ ఫీజులు పెరిగినంత వేగంగా వడ్డీ పెరగదన్నది నిజమే. పీపీఎఫ్ (పోస్టాఫీసులో దీర్ఘకాల పొదుపు ఖాతా) వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం దగ్గరే ఆగిపోయింది. అందుకని డబ్బంతా అక్కడే పెట్టకండి అంటే ఒప్పుకుంటాను. అసలు పెట్టొద్దు అనడం వేరే మాట. పిల్లాడు ఇంటర్ పాసైన జూన్ నెలలో ఫీజు కట్టడానికి చేతికొచ్చే డబ్బు కొంతైనా ఉండాలి కదా?

సుకన్య గురించి రాసింది పూర్తిగా అబద్ధం. 2015 జనవరిలో మొదలైన పథకం ఇది, రూల్స్ ఏ పోస్టాఫీసులో అడిగినా చెబుతారు. డబ్బు కట్టాల్సింది 15 ఏళ్లే. పాపకు 18 నిండినా, పదో తరగతి పాసైనా, అంతకుముందు ఏడాది చివర ఖాతాలో ఉన్నదాంట్లో సగం వరకూ చదువు కోసం తీసుకోవచ్చు. 18 దాటాక పెళ్లి కుదిరితే ఖాతా మూసి మొత్తం తీసుకోవచ్చు. ఏ అవసరమూ రాకపోతేనే ఖాతా తెరిచాక 21 ఏళ్లు. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టినా ఖాతా బతికే ఉంటుంది, ఒక ఏడాది తప్పిపోతే 50 రూపాయల జరిమానాతో మళ్లీ నిలబెట్టుకోవచ్చు. కూలి డబ్బు ఒక నెల వచ్చి ఒక నెల రాని ఇళ్లకు ఇంతకన్నా వెసులుబాటు ఏ కంపెనీ ఇస్తుంది?

వడ్డీ మారుతూ ఉంటుందన్నది కూడా దాచను. మొదట్లో 9.1 శాతం ఇచ్చారు, 2020 నుంచి మూడేళ్లపాటు 7.6 శాతమే ఇచ్చారు, 2024 జనవరిలో 8.2కి తెచ్చారు. ఆ 8.2 లెక్కనే నెలకు వెయ్యి రూపాయలు 15 ఏళ్లు వేస్తే, కట్టింది లక్షా 80 వేలు, 21 ఏళ్లకు వచ్చేది సుమారు అయిదున్నర లక్షలు. ఒక చిన్న విషయం: నెలలో అయిదో తేదీ తర్వాత వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. పదో తేదీకో పదిహేనో తేదీకో వెళ్లి కట్టే అలవాటున్న తల్లులు తేదీ మార్చుకోండి.

ఎస్ఐపీ జూదమట. మూడేళ్లలో రెట్టింపు చేస్తామని రాసిన చేతితోనే ఈ మాటా రాశారు. పదీ పదిహేనేళ్ల టైముంటే ఇండెక్స్ ఫండులో (మార్కెట్ సూచీలో ఉన్న షేర్లనే కొనే ఫండు) నెలకు 500 వేసుకోండి. మూడేళ్లలో అవసరం పడే డబ్బు అందులో పెట్టకండి. ఇంతకుమించి చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్సు విషయంలో మెసేజి మాట కరెక్టే, కానీ చెప్పాల్సింది వదిలేసింది. పిల్లల పాలసీల్లో రాబడి చాలావరకు అయిదారు శాతం దాటదు. అసలు సంపాదించని పిల్లాడికి బీమా దేనికి? ఇంటికి అన్నం పెట్టే మనిషికి చేయించాలి. మన దగ్గర ఆ మనిషి ఊళ్లో ఉండడం తక్కువ. గుజరాత్‌లోని వెరావల్లో చేపల వేటకు పోతాడు, చెన్నైలోనో హైదరాబాదులోనో బిల్డింగు పనికి పోతాడు, గల్ఫ్‌లో వెల్డింగుకు పోతాడు. అతనికి ఏదైనా జరిగితే పిల్లల చదువు ఆ రోజే ఆగిపోతుంది. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఉన్నాయి. వీలైతే ఇంకా పెద్ద టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బొచ్చే బీమా) తీసుకోండి. పిల్లల కోసం దాచడమంటే ముందు ఇదే.

ఆడపిల్లకు బంగారం, మగపిల్లాడికి భూమి. ఈ వాక్యం చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆడపిల్ల డబ్బు పెళ్లికే, మగపిల్లాడి డబ్బు ఎదగడానికా? సాయంత్రం విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నిలబడి, కాలేజీ బస్సులు దిగే పిల్లల్లో అమ్మాయిలు ఎంతమందో చూసి అప్పుడు రాయండి ఆ మాట. వాళ్ల ఫీజులు నగలతో కట్టాలా?

కానీ బంగారం దగ్గర ఒక్క విషయం ఒప్పుకోవాలి. తరుగు, మజూరీ, జీఎస్టీ పోతాయని, నగ పెట్టుబడి కాదని అందరికీ చెప్పేదాన్ని నేను. ఇప్పటికీ లెక్క ప్రకారం అదే సరి. అయితే మొగుడు తాగుబోతైన ఇంట్లోనో, దూరదేశంలో ఉండి మూడు నెలలకోసారి డబ్బు పంపే ఇంట్లోనో, ఆడమనిషి అధీనంలో నిజంగా ఉండే ఆస్తి ఆ రెండు గాజులే. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే తెల్లారి బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చుకోగలదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆమెను బంగారం కొనొద్దు అనే హక్కు నాకు లేదు. హాల్‌మార్కు, దాని మీద ఒక్కో నగకూ విడిగా ఇచ్చే హెచ్‌యూఐడీ నంబరు చూసుకుని కొనుక్కోమని మాత్రం చెబుతాను.

ఇక ఆరోది.

మెసేజికి తగిలించిన బ్రోచర్ ఒకసారి పెద్దది చేసి చూడండి. కొబ్బరిచెట్ల మీద విమానం, కింద పాపను ఎత్తుకున్న తండ్రి. “ఎయిర్‌పోర్టుకు 15 నిమిషాలు” అని ఉంది గానీ ఎన్ని కిలోమీటర్లో లేదు. ఊరి పేరు లేదు. సర్వే నంబరు లేదు. వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) లేఅవుట్ నంబరు లేదు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేదు. ఉన్నదల్లా ఒక సెల్ నంబరు, “కొద్ది ప్లాట్లే మిగిలాయి” అనే మాట. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వడమే 2016 చట్టం ప్రకారం తప్పు, డబ్బు తీసుకోవడం సంగతి తర్వాత. ప్రీలాంచ్ అని దానికి ముద్దుపేరు పెట్టినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

లెక్క చూద్దాం. 36 నెలలకు కట్టేది లక్షా 80 వేలు. 150 గజాలంటే గజం 1,200. ఎకరానికి 4,840 గజాలు. లేఅవుట్ వేస్తే రోడ్లకు, పార్కుకు పోగా సగం పైచిలుకు మిగులుతుంది. అంటే ఎకరం మొత్తం ప్లాట్లు చేసి అమ్మినా 35 లక్షలు దాటవు. అందులోనే రైతుకివ్వాలి, రోడ్లు వేయాలి, ఏజెంట్లకు కమీషనివ్వాలి, లాభం తీసుకోవాలి. ఎయిర్‌పోర్టు దారిలో ఆ ధరకు భూమి ఇచ్చే రైతు ఎవరో చూపించండి, నేనే మొదటి కంతు కడతాను.

రెండో దారి ఇంకా ఘోరం. రెట్టింపు అంటే 3 లక్షల 60 వేలు. అందరూ “మూడేళ్లకు రెట్టింపు” అని ఊరుకుంటున్నారు. డబ్బంతా మొదటి రోజే కట్టడం లేదు కదా! మొదటి 5 వేలు మూడేళ్లుంటాయి, చివరి 5 వేలు ఒక్క నెలే ఉంటాయి. ఆ లెక్కన వాళ్లు ఇస్తామంటున్నది నూటికి నెలకు మూడున్నర రూపాయల చక్రవడ్డీ. మన ఊళ్లలో రెండు రూపాయలకు అప్పు తెచ్చుకున్నవాడిని చూసి అయ్యో అంటాం. మూడు దాటితే వాడు మునిగిపోయాడంటాం. మరి మూడున్నర రూపాయల వడ్డీకి మన దగ్గర అప్పు చేస్తున్న కంపెనీ మునగకుండా ఎలా ఉంటుంది? భూమి, అనుమతులు చేతిలో ఉంటే బ్యాంకే ఇంతకన్నా ఎంతో తక్కువకు అప్పిస్తుంది. బ్యాంకు మెట్లెక్కకుండా మీ చెల్లెలి డ్వాక్రా డబ్బు కోసం ఎందుకు తిరుగుతున్నారు?

ఈ కథ మనకు కొత్తది కాదు. నెలనెలా కట్టండి, చివర్లో ప్లాటైనా డబ్బైనా మీ ఇష్టం. సరిగ్గా ఈ మాటల మీదే అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీ నడిచింది. సుమారు 32 లక్షల మంది, 6 వేల కోట్లకు పైగా కట్టారు. ఉత్తరాంధ్రలో ఆ పాస్‌బుక్కు లేని వీధి ఉందా? వాళ్ల ఏజెంట్లు ఎక్కడినుంచో దిగిన మోసగాళ్లు కాదు. బడిపంతులు, చిన్న కొట్టు నడిపే బావ, ఎల్ఐసీ చేసే మావయ్య. నమ్మి తామూ కట్టారు, తమవాళ్లతోనూ కట్టించారు. కంపెనీ మూతపడ్డాక ఇంటి ముందు నిలబడిన చుట్టాలకు జవాబు చెప్పలేక ఊరు వదిలినవాళ్లున్నారు, ప్రాణం తీసుకున్నవాళ్లున్నారు. పదివేల లోపు కట్టినవాళ్లకు 2019లో, ఇరవై వేల లోపు వాళ్లకు 2021లో ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇచ్చింది. కూతురి పెళ్లికని, కొడుకు ఇంజనీరింగుకని లక్షలు కట్టినవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల వైపు చూస్తూ కూర్చున్నారు. ఈలోగా ఆ పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. చదవాల్సిన వయసు దాటిపోయాక డబ్బొచ్చి ఏం లాభం?

అదంతా కళ్లతో చూసిన మనమే ఇవాళ ఈ మెసేజి కింద దండాలు పెడుతున్నాం. నాకు కోపం అందుకే.

భోగాపురంలో భూమి కొని బాగుపడినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించి, 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు) లేదని, డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) కాదని చూసుకుని, కొన్న రోజే రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు బాగుపడ్డారు. అది డబ్బు చేతిలో ఉండి, ఎన్నేళ్లయినా ఆగగలిగినవాళ్ల పని. ఆ ఎయిర్‌పోర్టుకే 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. మధ్యలో నాలుగేళ్లు. ప్రాజెక్టు నాలుగేళ్లు ఆగగలదు, ఇంటర్ పాసైన పిల్ల ఆగలేదు.

ఏడో పాయింటు అందరూ మెచ్చుకుంటున్నది. పాప పేరు మీదే రిజిస్ట్రేషన్, ఎంత బాగుందో అని. మైనరు పేరున ఉన్న స్థిరాస్తిని తండ్రి గానీ తల్లి గానీ తమంతట తాము అమ్మలేరు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షను ప్రకారం కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేకుండా అమ్మితే మేజరయ్యాక ఆ పిల్లే అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. కాబట్టి తెలిసినవాడెవడూ కొనడు. మంచి చట్టమే, పిల్లల ఆస్తి పెద్దలు తినేయకుండా కాపాడుతుంది. కానీ ఇంటర్ పాసైన పదిహేడేళ్ల పిల్లకు మొదటి ఏడాది ఫీజు కట్టడానికే కదా మీరు ఈ ప్లాటు కొంటున్నది? అప్పుడు లాయరు చుట్టూ తిరుగుతారా, కాలేజీ చుట్టూ తిరుగుతారా? సుకన్యలో 21 ఏళ్లు డబ్బు కదలదని భయపెట్టినవాళ్లు, నిజంగానే కదలని చోట పెట్టమని చెబుతున్నారు.

మా చిన్నాన్నకు ఇదంతా ఫోనులో చెప్పాను. “మరి ఆ గుంటడు అంత నమ్మకంగా చెప్పాడే” అన్నారు. ప్లాటు గురించి చెప్పిన ఆ ఏజెంటు అబ్బాయి మీద నాకు ద్వేషం లేదు. చేర్చిన ప్రతి మనిషికీ కమీషనొస్తుంది, ఇంట్లో వాడికీ పిల్లలున్నారు. రేపు అందరూ ముందు పట్టుకునేది వాడినే అని అతనికీ చెప్పండి.

ఇప్పటికే కంతులు కట్టేసినవాళ్లు సిగ్గుపడి మౌనంగా ఉండకండి. వచ్చే కంతు ఆపండి. రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, ఆ బ్రోచర్, ఏజెంటు మెసేజిలు అన్నీ ఒకచోట భద్రంగా దాచండి. సర్వే నంబరు, రెరా నంబరు ఇమ్మని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. రెరా ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. అంతకుమించి కట్టి ఉంటే ఆ మాట కూడా అందులో రాయండి. జవాబు రాకపోతే ఏపీ రెరాకు, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. అనుమతి లేని డిపాజిట్లు వసూలు చేయడాన్ని నిషేధించే చట్టం 2019 నుంచి ఉంది. ఫిర్యాదు రాయడం రాకపోతే కాగితాలు పట్టుకుని నా దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం.